వాక్యూమ్ ఎంతసేపటికి ఆగుతోంది?

నూజివీడు వైపు ఇళ్ళల్లో వేసవి వచ్చిందంటే ఒక గది మామిడికాయలకే. వరిగడ్డి పరిచి చిన్నరసాలు, బంగినపల్లి కాయలు మాగబెడతారు. పళ్ళు అయిపోయాక గడ్డి నలుసులు, పురికొస ముక్కలు, మెత్తటి దుమ్ము మిగులుతాయి. ఆ గది ఊడ్వడానికి కార్డ్‌లెస్ వాక్యూమ్ తీస్తే, అది మాటిమాటికీ ఆగిపోతుంది. బ్యాటరీ పోయిందని వెంటనే కొత్తది కొనేయకండి. చాలాసార్లు అది తనను కాపాడుకోవడానికే ఆగుతుంది. ఎంతసేపటికి ఆగిందో గమనిస్తే కారణం దొరుకుతుంది.

బ్రష్ నేలకు ఆనగానే ఆగితే రోలర్ చూడండి. పురికొస, తలవెంట్రుకలు దాని చివర్లలో చుట్టుకుని బిగిసిపోతాయి. తిరగలేని మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, సర్క్యూట్ వెంటనే సరఫరా ఆపేస్తుంది. బ్రష్ తీసేసి ఉత్త గొట్టంతో నడిపినప్పుడు ఆగకపోతే లోపం బ్రష్‌లోనే ఉంది.

కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ నడిస్తే అది వేడి వల్ల. చాలా మోడళ్ళలో మోటారును చల్లబరిచేది అది పీల్చే గాలే. ఫిల్టర్ పూడుకుపోతే ఆ గాలి తగ్గిపోతుంది. అప్పుడు శబ్దం సన్నబడి కీచుమంటుంది. నెట్టాల్సిన గాలి తగ్గడంతో లోపలి ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది మరి! ఆ కీచు వినిపిస్తే ఫిల్టర్ తీసి దులపండి. కడగదగిన రకమైతే కడిగి, రోజంతా ఆరనివ్వండి. తడి ఫిల్టర్ కూడా గాలిని అడ్డుకుంటుంది.

మామూలు మోడ్‌లో నడుస్తూ మాక్స్‌లో పెట్టగానే ఆగుతోందంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. లిథియం అయాన్ సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. సుమారు 3 వోల్టులకో, ఇంకాస్త కిందికో దిగితే సర్క్యూట్ ఆపేస్తుంది. సెల్ పాతబడేకొద్దీ అంతర్నిరోధం పెరుగుతుంది. దాంతో ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. కాసేపు ఆపితే కోలుకుంటుంది కాబట్టి యంత్రం మళ్ళీ నడుస్తుంది, మనం బాగైపోయిందనుకుంటాం.

సెల్‌ను ముసలిదాన్ని చేసేది ముఖ్యంగా వేడి. ఈ సెల్స్‌ను ఛార్జ్ చేయడానికి 45 డిగ్రీలు సాధారణంగా పైహద్దు. మే నెల మధ్యాహ్నం బయటే 40 దాటే చోట, రేకుల షెడ్డులో ఛార్జింగ్ పెడితే ఏమవుతుందో ఊహించండి. ఊడ్చిన వెంటనే కూడా పెట్టొద్దు. చల్లారనిచ్చి, రాత్రి పెట్టండి. ప్యాక్ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇక ఛార్జ్ చేయకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. నలిగితే నిప్పంటుకుంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.