కోళ్లను కమ్మేవారు ఇంట లేనప్పుడు

ఈ పూట పెరటి కోళ్లకు కట్టవలసిన కంచెను గురించి ముచ్చటించుకుందాం.

మన పెద్దలు కోళ్లకు కంచె కట్టలేదు. వాళ్లకు ఆ అవసరమూ పడలేదు. పొద్దుగూకే వేళకు ఇంటి ముసలమ్మ వాకిట్లో నిలబడి పిలిచి, నాలుగు నూకలు చల్లి, లెక్క చూసుకొని గంప కింద కమ్మేది. పగలు గద్ద నీడ పడితే అదిలించేది. అంటే అప్పుడు కోళ్లకు కంచె మనిషే. ఇప్పుడు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఇస్నాపూర్ చుట్టుపట్ల ఊళ్లలో చాలా ఇండ్లలో ఆ మనిషి లేదు. ఒకరు పగటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు. సాయంత్రం ఆరు గంటలకు తలుపుకు తాళం. రోడ్డు పక్కన పారబోసే మాంసపు వ్యర్థాలు తిని కుక్కలు గుంపులు కట్టినై. కనుక మనిషి చేసిన కాపలాను ఇనుప జాలి చేత చేయించవలె.

నష్టం ఎంతో చూడండి. నాటుపెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ వారు రూపొందించిన వనరాజా పెట్ట పెరట్లో తిరిగి మేసినా నూరు వరకు పెడుతుంది. అయితే అది ఒళ్లు బరువైన కోడి. నాటుకోడి లాగా ఎగిరి చెట్టెక్కి ప్రాణం దక్కించుకోలేదు. అట్లాంటివి పది ఒక్క రాత్రి పోతే ఏడాదికి వెయ్యి గుడ్లు పోయినట్లే. ఆ గుడ్ల డబ్బు సాధారణంగా ఇంటి ఆడమనిషి చేతి ఖర్చు. పిల్లల పుస్తకాలకు, మందు మాత్రలకు అదే ఆధారం.

కంచె వేసేముందు వచ్చిన దొంగ ఎవరో పోల్చుకోవాలి. కోళ్లన్నీ చచ్చి చెల్లాచెదరుగా పడి, తిన్న గుర్తులు అంతగా లేకపోతే అది కుక్కల పని. మెడ దగ్గర కొరికి రెండు మూడింటిని అక్కడే విడిచిపోతే, గుడ్లు పగిలి ఉంటే, ముంగిసను అనుమానించండి. ఒక్కటే కోడి మాయమై ఈకల జాడ పొదల వైపు సాగితే నక్కో, బావురుపిల్లో వచ్చింది. పెంకు ముక్క కూడా లేకుండా గుడ్లు పోతుంటే పాము మింగుతున్నదేమో చూడండి. పట్టపగలు కోడిపిల్ల మాయమైతే గద్దనో, కాకినో కనిపెట్టండి. ఈ గుర్తులు ఒక్కోసారి కలగాపులగం అవుతాయి కాబట్టి, మెత్తటి మట్టి పరచి మర్నాడు అడుగుజాడలు కూడా చూడటం మేలు.

ఇక కంచె సంగతి. ఇరవై అయిదు కోళ్లకు ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు చాలు. ఒక్కో కోడికి పన్నెండు చదరపు అడుగులు వస్తుంది. చుట్టుకొలత డెబ్బై అడుగులు. మన దగ్గర రాతి కడీలు దొరుకుతాయి. వాటికి చెదలు పట్టదు. ఎనిమిదిన్నర అడుగుల కడీలు తెచ్చి రెండడుగులు పాతిపెట్టండి. చుట్టూ పది, తలుపు కోసం ఇంకొకటి, పైకప్పు వాలకుండా నడుమ రెండు.

చాలామంది ఆరుమూలల కండ్లుండే పలుచని కోడిజాలి ఒక్కటే కొని చుట్టూ కట్టి నిశ్చింతగా ఉంటారు. ఆ జాలి కోడిని బయటికి పోనివ్వదు గాని కుక్కను లోపలికి రానివ్వకుండా ఆపలేదు. పంటితో పట్టి లాగితే చిరిగిపోతుంది. అందుకని కింది భాగానికి అర అంగుళం కండ్లుండే అతుకు జాలి, అదే వెల్డ్‌మెష్, వాడాలి. నాలుగడుగుల వెడల్పు చుట్ట తీసుకొని రెండున్నర అడుగులు నిలువుగా కట్టి, మిగిలిన అడుగున్నర బయటి వైపు నేల మీదికి వంచి, పైన రాళ్లు పేర్చండి. ముంగిస గాని, కుక్క గాని కంచె మొదట్లోనే తవ్వుతుంది. అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి సామాన్యంగా రాదు. నల్లరేగడి నేలల్లో ఈ మడత మరీ ముఖ్యం, ఎండాకాలం నేల నెర్రెలు విచ్చి జాలి కింద సందులు పడతాయి. పైన మిగిలిన నాలుగడుగులకు మాత్రం కోడిజాలి సరిపోతుంది.

పైకప్పు దగ్గరే ఇంటింటికీ లెక్క మారుతుంది. సాయంత్రం ఇంట మనిషి ఉంటే సింగూరు వైపు జాలరుల దగ్గర దొరికే పాత చేపల వల కప్పినా చాలు, గద్ద రాదు. కాని రాత్రి పిల్లి ఆ వలను లెక్కచేయదు. పొద్దుగూకే వేళకు తాళం పడే ఇంట్లో పైన కూడా కోడిజాలే వేయాలి. నాలుగడుగుల వెడల్పువి, ఇరవై అడుగుల పొడవువి నాలుగు పట్టీలు పరచి, అంచు మీద అంచు వేసి జానెడుకొక చోట బైండింగ్ తీగతో కుట్టండి. సలహా ఇవ్వడానికి వెళ్లే కార్యకర్తలు ఖర్చు లెక్క కట్టకముందే “ఆరింటికి ఇంట్లో ఎవరుంటారమ్మా?” అని అడగడం మరువరాదు.

కంచె లోపలే ఆరడుగులు, అయిదడుగుల గూడు ఒకటి, నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. గాలి ఆడే కిటికీకి కూడా అర అంగుళం జాలే. కోళ్లు చీకటి పడగానే తమంతట తామే గూడెక్కుతాయి. పని నుంచి వచ్చినవారు ఎంత పొద్దుపోయినా దాని తలుపు వేయవలె. గొళ్లేలు రెండు పెట్టండి, ఒకటి కింద, ఒకటి పైన. గుడ్లు మాత్రం ఏ రోజువి ఆ రోజే తీయాలి, వాటి కోసమే పాము వస్తుంది.

లోపలుండే కోడికి బయటి మేత దొరకదు కనుక ఆకుకూర, గుల్ల పొడి, దాణా మనమే అందించాలి. ఒక మూల పొడిమట్టి పోస్తే పొర్లాడి పేలు దులుపుకుంటుంది. ఆ మట్టిని, బూడిదను ఫ్యాక్టరీల పక్క నుంచి మాత్రం తేకండి. అట్లాగే ఈ ప్రాంతంలో చవకగా అమ్మే పాత రసాయనాల డ్రమ్ములను కోసి నీళ్లతొట్లు చేయకండి, ఎంత కడిగినా లోపల ఏమి మిగిలిందో కంటికి కనబడదు.

కోపంతో పురుగుమందు కలిపిన మాంసం పెట్టేవాళ్లున్నారు. అది ముందు మన కుక్కనో, పక్కింటి కోడినో చంపుతుంది. పైగా ముంగిసకు, బావురుపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చేలో ఎలుకలను తినేదీ ఆ ముంగిసే.

తొలకరి వానలు పడగానే కంచె చుట్టూ ఒకసారి తిరిగి, రాళ్లు కుంగినచోట మళ్లీ పేర్చండి. పిడికిలి పట్టే సందు కనబడితే ఆ పూటే మూయండి.