చంద్రుడి మీద పది మంది ఉంటే నేల మీద ఎందరుండాలి?

ఏజెన్సీ ఊరు గంగారంలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "సార్, రేపు చంద్రుని మీద ఊరు కడితే అండ్ల పది మందే ఉంటరు గదా. మిగిలినోళ్లకు ఏం పని?"

మంచి ప్రశ్న. మిగిలినవాళ్ల పనే ఎక్కువ. ఎందుకో చెప్పడానికి చంద్రుడి దాకా పోనక్కర్లేదు, మేడారం దాకా పోతే చాలు.

మేడారం జాతరకు పగిడిద్దరాజు దేవుడు బయల్దేరేది గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచే కదా. పూజారులు అడవి దారిలో కాలినడకన మేడారం చేరుస్తారు. మామూలు రోజుల్లో మేడారం అడవి నడుమ ఓ చిన్న ఊరు. రెండేళ్లకోసారి నాలుగు రోజుల పాటు లక్షల మంది ఉండే పట్నం అవుతుంది. ఆ పట్నానికి కావలసిన బియ్యం, మంచినీళ్లు, కరెంటు, మందులు ఏవీ అక్కడ పుట్టవు. ఎక్కడెక్కడి డిపోల నుంచో బస్సులు వస్తాయి. సఫాయి కార్మికులు, లైన్‌మన్లు, నర్సులు బయటి ఊళ్ల నుంచి వచ్చి రాత్రింబవళ్లు పనిచేస్తారు. వాళ్లు ఒక్క పూట ఆగితే జాతర ఆగుతుంది. చంద్రుడి మీద ఊరు కూడా ఇలాంటిదే. కాకపోతే ఆ జాతర నాలుగు రోజుల్లో ముగియదు, దారి 3,84,000 కిలోమీటర్లు.

ముందు తిండి లెక్క చూద్దాం. డబ్బాలు, కవర్ల బరువుతో కలిపి వ్యోమగామికి రోజుకు సుమారు 1.8 కిలోల ఆహారం కావాలి. పది మందికి ఏడాదికి ఆరున్నర టన్నులు. చంద్రయాన్-3లో విక్రమ్ ల్యాండర్, దాని పొట్టలోని ప్రజ్ఞాన్ రోవర్ కలిపి 1,752 కిలోలు, అందులోనూ చాలా భాగం ఇంధనమే. దాన్ని పంపడానికి శ్రీహరికోటలో 640 టన్నుల రాకెట్ నిలబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆరున్నర టన్నుల సామాను అక్కడ మెత్తగా దించాలంటే ఎన్ని రాకెట్లు కావాలో, ఒక్కో రాకెట్ వెనక ఎన్ని చేతులుండాలో ఊహించుకో. నీళ్లను మాత్రం తిరిగి వాడుకోవచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రం సహా 98 శాతం నీటిని శుద్ధి చేసి తాగేస్థాయికి 2023లో చేరారు. అయితే ఆ యంత్రంలో ఫిల్టర్ పాడైతే కొత్తది తయారయ్యేది భూమ్మీదే.

రాకెట్ల వెనకుండే ఆ చేతుల్లో కొన్ని మన దగ్గరివే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిశ్ర ధాతు నిగమ్, అందరూ మిధాని అనేది, రాకెట్లకు ప్రత్యేకమైన ఉక్కు, టైటానియం లోహాలు పోస్తుంది. రెండొందల టన్నులకు పైగా ఘన ఇంధనాన్ని మోసే బూస్టర్లలో ఆ ఇంధనాన్ని నింపేది షార్‌లోనే. సూళ్లూరుపేట వాళ్లకు శ్రీహరికోట అంటే షార్. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో యానాదులు బతికారు. చేపలు, తేనె, కందమూలాలు వాళ్ల జీవనం. కేంద్రం కోసం వాళ్లు ఊళ్లు, అడవి వదిలి వచ్చారు. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటిసారి రోహిణి రాకెట్ ఎగిరిన నేల వాళ్లు పుట్టి పెరిగిన నేల. చంద్రుడి మీద ఊరికి అండగా నిలిచినవాళ్ల పేర్లు రాసేటప్పుడు యానాదుల పేరు కూడా రాయాలి. ఏజెన్సీ పిల్లవాడికి ఈ మాట అర్థమవుతుందని నాకు తెలుసు.

ఇక కాపలా లెక్క. పైన పది మంది నిద్రపోతున్నా గాలి ఒత్తిడి, ఆక్సిజన్, వేడిని కింద ఎవరో ఒకరు చూస్తుండాలి. ఒక కుర్చీ ఇరవై నాలుగు గంటలూ ఖాళీ కాకూడదంటే మూడు షిఫ్టులు, పైన వారాంతాలు, సెలవులు, జ్వరాలు. మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే వారంలోని 168 గంటలకు మూడున్నర మంది, సెలవులు కలిపితే నలుగురైదుగురు ఒక్క కుర్చీకి. ఇరవై కుర్చీలు వేస్తే వంద మంది. వీళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు, కంప్యూటర్లు బాగు చేసేవాళ్లు, క్యాంటీన్ నడిపేవాళ్లు వేరే.

చంద్రుడి మీదికి అపోలో యాత్రలు ఉధృతంగా సాగిన రోజుల్లో సుమారు 4 లక్షల మంది పనిచేశారని నాసా చెబుతుంది. చంద్రుడి మీద నడిచింది పన్నెండు మంది. వాళ్ల సూట్లు కుట్టింది ఆడవాళ్ల లోదుస్తులు తయారుచేసే కంపెనీకి చెందిన విభాగంలోని కుట్టుపనివాళ్లు. ఒక్క కుట్టు తప్పు పడినా లోపలి మనిషి ప్రాణానికే ముప్పు కాబట్టి పని ఎంత జాగ్రత్తగా సాగిందో! ఆ కుట్టు మిషన్ మీది చేతులను నేను వ్యోమగాముల పక్కనే నిలబెడతాను.

దూరాన ఉన్న మనుషుల్ని పోషించడం మనకు కొత్తేమీ కాదు. అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి ఉన్నాయి. అక్కడికి చలికాలమంతా ఓడ పోదు. ఏ మరమేకు ఎన్ని కావాలో గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ముందే లెక్కగట్టి ఓడకెక్కిస్తుంది. భారతిలో ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే యాంటెన్నా ఉంది. ఆ సమాచారం మన షాద్‌నగర్‌లోని కేంద్రానికి వస్తుంది. అంటే మంచు మీద ఉన్నవాళ్లకూ తెలంగాణలో కూర్చున్నవాళ్లకూ రోజూ నడిచే బంధం ఒకటుంది.

జబ్బు చేస్తే? భూమి నుంచి మాట చేరడానికి 1.3 సెకన్లు, జవాబు రావడానికి మరో 1.3. డాక్టరు మాట్లాడగలడు, చేయి మాత్రం వేయలేడు. వెనక్కి తీసుకురావాలంటే సుమారు మూడు రోజులు. వానాకాలంలో వాగు పొంగకముందే నెలలు నిండిన గర్భిణిని ఆస్పత్రికి చేర్చే ఏఎన్‌ఎం ఎలా ముందుచూపుతో ఆలోచిస్తుందో, చంద్రుడి డాక్టర్లు కూడా అలాగే ఆలోచించాలి. ఈ విషయంలో హ్యూస్టన్‌లోని నాసా వాళ్లు కూడా ఆ ఏఎన్‌ఎం దగ్గర కూర్చుని నేర్చుకోదగ్గది ఉందని నా నమ్మకం.

చివరిది యాంటెన్నాల సంగతి. ఏ ఊరికైనా చంద్రుడు రోజులో సుమారు సగం సేపే కనిపిస్తాడు, కాబట్టి ఒక్క చోటి యాంటెన్నా చాలదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల గిన్నె లాంటి యాంటెన్నా మనకుంది. చంద్రయాన్-3 అప్పుడు నాసా, యూరప్ యాంటెన్నాలు కూడా సాయపడ్డాయి. గంగారం అడవి వెనక చంద్రుడు దిగిపోతుంటే స్పెయిన్‌లో నడి ఆకాశానికి దగ్గరగా ఉంటాడు. బ్యాలాలు మనిషి వదిలిన మాటను మాడ్రిడ్ మనిషి అందుకుంటాడు. అక్కడ అస్తమించే వేళకు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్, ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా. మళ్లీ తూర్పున చంద్రుడు పొడిచేసరికి బ్యాలాలులో మరో షిఫ్టు మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు.