భయపడాల్సిన చోటే భయపడుతున్నామా?

రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది. అప్పుడు చూసినవాళ్లను ఇప్పుడు కథ చెప్పమంటే సగంలోనే ఆగిపోతారు. రేవతి ముఖం మారిపోయిన తీరు మాత్రం నిన్న చూసినట్టు చెబుతారు. అంతకుముందు తరానికి యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా 1986లో వచ్చిన ‘కాష్మోరా’, తరువాతి తరానికి 2009 నాటి ‘అరుంధతి’ అలాంటి గుర్తులే. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లలో పెరిగిన తెలుగువాళ్ల జ్ఞాపకాల్లో ‘పురానా మందిర్’ వంటి హిందీ దెయ్యాల సినిమాలు కూడా ఉంటాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1902లో కటక్ వరకూ ఉన్న తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగాన్ని తనలో కలుపుకుంది. అలా మన ఉత్తరాంధ్రకూ బిలాస్‌పూర్‌కూ ఒకే రైల్వేతో అనుబంధం ఏర్పడింది. ఆ కంపెనీ పట్టాల వెంట వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలు రెండు భాషల దెయ్యాలకూ భయపడ్డారు. ఆ భయాల్లో తప్పేమీ లేదు. అయితే ఏళ్లు గడిచినా చెక్కుచెదరని ఆ సినిమా భయం పక్కన, అదే ఊళ్లో రోజూ పొంచి ఉండే అసలు ప్రమాదాల భయాన్ని పెట్టి చూస్తే రెండోది వెలవెలబోతుంది. అది మన ప్రాణాల మీదికి వచ్చే తేడా అని ఈ వ్యాసం వాదన.

సినిమా భయం ఎందుకంత గట్టిగా నాటుకుంటుంది? క్రిస్టెన్ హారిసన్, జోఆన్ కాంటర్ అనే పరిశోధకులు అమెరికాలోని విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. చిన్నప్పుడో యుక్తవయసులోనో తెర మీద చూసిన దృశ్యం తమను బాగా భయపెట్టిందని దాదాపు 90 శాతం మంది చెప్పారు. అది ఇంకా పూర్తిగా వదల్లేదని చెప్పినవారు సుమారు నాలుగో వంతు. ‘ఇది సినిమాయే’ అని బుద్ధికి తెలిసేలోపే శరీరం ఉలిక్కిపడుతుంది. బుద్ధి తరువాత సర్దిచెప్పినా ఆ ఉలికిపాటు జ్ఞాపకంలో ఉండిపోతుంది. పైగా సినిమా భయానికి ఒక ముఖం ఉంటుంది, సంగీతం ఉంటుంది, రాబోతున్నదని ముందే చెప్పే నీడ ఉంటుంది. డేనియల్ కాహ్నమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1973లోనే వివరించినట్టు, మనసులో సులువుగా మెదిలేదాన్నే మనం తరచుగా జరిగేదిగా లెక్కవేస్తాం. కళ్లకు కట్టేది పెద్ద ప్రమాదంగా తోస్తుంది, కళ్లకు కట్టనిది చిన్నదైపోతుంది.

ఇప్పుడు పట్టాల దగ్గరకు వద్దాం. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. సరుకు రవాణాలో దేశంలోనే ముందువరసలో ఉండే డివిజన్. కోర్బా వైపు నుంచి బొగ్గు రైళ్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. ఇలాంటి ఊళ్లో పాడుబడ్డ బంగళా వైపు చీకటి పడ్డాక వెళ్లమంటే జంకే మనిషి, ఫుట్ ఓవర్ బ్రిడ్జి పక్కనే ఉన్నా చెవికి ఫోన్ ఆనించుకుని పట్టాలు దాటేస్తాడు. రైల్వే భద్రతపై అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇలా అనుమతి లేని చోట పట్టాల మీదికి వచ్చి దేశంలో ఏటా దాదాపు 15 వేల మంది చనిపోతున్నారు. ఒక్కొక్కరుగా పోయే ఈ ప్రాణాలు స్థానిక పేజీలో నాలుగు వాక్యాలతో సరి. 2025 నవంబర్ 4న గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు బిలాస్‌పూర్ దగ్గర గూడ్సును ఢీకొని పదిమందికి పైగా చనిపోయినప్పుడు మాత్రం దేశమంతా ఉలిక్కిపడింది. ఆ భయం న్యాయమైనదే. కానీ నుజ్జయిన బోగీ ఫోటో కంటపడితేనే మనకు ప్రమాదం గుర్తొస్తోందన్నమాట.

ఇంతకన్నా గట్టి నిదర్శనం ఇదే జిల్లాలో ఉంది. 2014 నవంబర్ 8న బిలాస్‌పూర్ శివార్లలోని పెండారీలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో, కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశారు. వాళ్లలో 13 మంది చనిపోయారు. మూతపడ్డ ఆసుపత్రి అనగానే సినిమా ప్రేక్షకుడి ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజు అక్కడికి వెళ్లినవాళ్లకు భయపడాల్సిన సూచన ఏదీ కనిపించలేదు. పగటిపూట, ప్రభుత్వ శిబిరం, తెల్లకోటు వేసుకున్న డాక్టరు, చుట్టూ తెలిసిన ఆడవాళ్లు. సినిమాలో కీడు తలపెట్టేవాడు ఒకడుంటాడు, వాడి పగకు ఒక కారణం ఉంటుంది. ఇక్కడ పగ లేదు. తొందర ఉంది, లక్ష్యాల లెక్క ఉంది, అడిగేవాళ్లు లేకపోవడం ఉంది. మన కాలపు ఘోరాలు చాలావరకు ఇలాగే నిర్లక్ష్యంలోంచి పుడుతున్నాయి. నిర్లక్ష్యాన్ని చూసి భయపడడం ఏ సినిమా మనకు నేర్పలేదు.

సినిమా కాలక్షేపం, దాని మీద ఇంత బరువు మోపడం ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. భయానక చిత్రాలు ఇష్టపడేవారు కోవిడ్ మొదటి నెలల్లో మానసికంగా కొంత తక్కువ ఆందోళనకు గురయ్యారని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. క్షేమమైన చోట కూర్చుని భయాన్ని రుచి చూడడం మనసుకు ఒక సాధనే కావచ్చు. దెయ్యాల మీద నమ్మకం సినిమా కన్నా ఎంతో పాతదన్న మాటా నిజమే. కానీ ఆ నమ్మకం తెర దాటి వీధిలోకి వచ్చినప్పుడు దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి. మన దగ్గర బాణామతి, చిల్లంగి అనే పేర్లతో జరిగే వేధింపులు ఛత్తీస్‌గఢ్‌లో టోన్హీ పేరుతో జరుగుతాయి. ఊళ్లో బిడ్డకు జబ్బు చేస్తే అండలేని ఆడమనిషి మీద ఆ ముద్ర వేస్తారు. దాన్ని ఆపడానికి ఆ రాష్ట్రం 2005లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. భయపడినవాళ్లు గుంపుగా ఉంటే, భయానికి బలయ్యేది ఒంటరి మనిషి. రైల్వేకూ ఈ అనుభవం ఉంది. బిలాస్‌పూర్ అప్పట్లో భాగంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే, పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలోని బేగున్‌కోదర్ స్టేషన్ దెయ్యం పుకారుతో 1967లో మూతపడి 2009లో గానీ తెరుచుకోలేదు. దెయ్యం ఎవరినీ ఏమీ చేయలేదు. చుట్టుపక్కల పల్లెలకు మాత్రం 42 ఏళ్లపాటు రైలు ఆగలేదు.

మరి అసలు ప్రమాదాలన్నిటికీ సినిమాలోలా వణుకుతూ బతకాలా అన్నది రెండో ప్రశ్న. అక్కర్లేదు. వణుకు ఎక్కువసేపు నిలవదు, నిలిచినా మనిషిని కుంగదీస్తుంది. ఏం చేయాలో రైల్వేనే ఎప్పుడో కనిపెట్టింది. ఎదురుగా వచ్చే ప్రతి సిగ్నల్ రంగునూ లోకో పైలట్, సహాయకుడు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. పట్టా విరిగినట్టు కనిపిస్తే వచ్చే రైలును ఆపడానికి బ్రాడ్‌గేజ్‌లో 600 మీటర్ల దగ్గర చక్రం కింద పేలి హెచ్చరించే డిటోనేటర్ ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలని నియమం. పరుగెత్తుతున్న గ్యాంగ్‌మన్‌కు ఆ క్షణంలో భయం వేసినా వేయకపోయినా చేతులు ఆ పని చేస్తాయి. వెనకటి ప్రమాదాలు నేర్పిన భయమే రూల్ బుక్‌లో క్రమపద్ధతిగా మారింది. రూల్ బుక్ ఉన్నా ప్రమాదాలు జరుగుతున్నాయి కదా అనవచ్చు. నియమాన్ని పాటించే మనిషికి సరిపడా విశ్రాంతీ, సరైన పరికరాలూ ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిది. అది నెరవేరని చోట నియమం కాగితం మీదే ఉండిపోతుంది. ఆ లోటును చూసి మనం భయపడాలి, గట్టిగా ప్రశ్నించాలి.

కాబట్టి పిల్లలను దెయ్యాల సినిమాల నుంచి పూర్తిగా తప్పించనవసరం లేదు. వయసుకు తగినవి పక్కన కూర్చుని చూపించండి, చూశాక ఆ దెయ్యాన్ని మేకప్‌తో, శబ్దంతో ఎలా తయారుచేశారో మాట్లాడండి. తెర ముఖం ఇవ్వని ప్రమాదాలకు ఇంటి మాటలే ముఖం ఇవ్వాలి. పట్టాలు ఎక్కడ దాటాలో, తెగిపడిన కరెంటు తీగ కనిపిస్తే ఎవరికి చెప్పాలో, ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను ఏం అడగాలో చెప్పండి. ఎవరిమీదైనా చేతబడి నింద పడితే ఆ మనిషి పక్కన నిలబడడం నేర్పండి. దెయ్యం భయం చాలామందిలో వయసుతో పాటు తగ్గుతుంది. ఈ అలవాట్లు మాత్రం పెద్దవాళ్లు నేర్పితేనే పిల్లలకు వస్తాయి.