కాఫీ వద్దన్న మనవడు

చిత్తూరులో అవ్వ ఇచ్చే ఫిల్టర్ కాఫీని వద్దనడం అంత వీజీ కాదు. డికాషన్ దిగేదాకా పక్కనే కూర్చుని, నురగ తేలేలా తిరగబోసి, గ్లాసు చేతికే తెచ్చిస్తుంది. పోయినేడాది సెలవులకు ఇంటికొచ్చిన నా ఫ్రెండ్ ఒకడు ఆ గ్లాసును పక్కన పెట్టేశాడు.

"ఏంరా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండా అవ్వా. కాఫీ మానేసినా."

అవ్వ ఇంకేం మాట్లాడలేదు. ఆ గ్లాసు తనే తాగేసింది. సాయంత్రం మళ్లీ ఇంకో గ్లాసు తెచ్చింది. పొద్దున్నే వద్దనడం కంటే ఆ రెండో గ్లాసును వద్దనడమే కష్టమైందంటాడు వాడు.

పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. వాడు మార్మన్. నిజానికి అలా పిలవడం కూడా వాళ్లకు ఇష్టం లేదు. 2018లో వాళ్ల అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఆ పేరు వదిలేసి పూర్తి పేరు వాడమన్నారు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. "అంత పేరు చెప్పేలోపు అడిగినోడు బస్సెక్కి వెళ్లిపోతాడు" అని వాడే నవ్వుతాడు.

వాళ్ల అమ్మానాన్న బెంగళూరులో పని చేసే రోజుల్లో ఈ సంఘంలో చేరారు. వీడికి ఎనిమిదేళ్లకు బాప్తిస్మం అయింది. ఎనిమిది కంటే ముందు ఇవ్వరు, పిల్లాడికి మంచీచెడూ తెలియాలని. ఇంజినీరింగ్‌కి తిరుపతి వచ్చాక ఆగిపోయింది. పెద్ద గొడవేం జరగలేదు, దేవుడు లేడన్న నిర్ణయమూ లేదు. ఒక ఆదివారం క్రికెట్, ఇంకో ఆదివారం నిద్ర, తర్వాత బ్యాక్‌లాగ్స్. అట్లా ఏడేళ్లు.

ఇది మన దగ్గర కొత్తగా వచ్చిందనుకుంటాం గానీ, 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే మిషనరీ మద్రాసులో దిగాడు. అప్పుడు చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1849లో సాల్ట్ లేక్ సిటీలో వాళ్ల సండే స్కూల్ మొదలెట్టింది ఈయనే. ఇక్కడ మాత్రం ఆయన మాట పెద్దగా ఎవరూ వినలేదు, ఎక్కువ కాలం ఉండలేదు కూడా. తెలుగువాళ్లలో కథ అసలు మొదలైంది 1978 డిసెంబరులో. సమోవా దీవుల్లో పనిచేస్తూ అక్కడే ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి సొంత చుట్టాలకు చెప్పారు. సుమారు ఇరవై మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012 మేలో దేశంలో మొదటి 'స్టేక్' కూడా హైదరాబాద్‌లోనే ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం.

మళ్లీ వాడి దగ్గరికొద్దాం. ఎందుకు తిరిగెళ్లావంటే కల వచ్చింది, వెలుగు కనిపించింది అంటాడేమో అనుకున్నా. అదేం కాదు. వాళ్ల నాన్నకు బెంగళూరులో ఆపరేషన్ అయినప్పుడు సంఘం నుంచి ఇద్దరు మనుషులు వంతులేసుకుని రాత్రిళ్లు ఆస్పత్రిలో పడుకున్నారు. ఒకాయనది సెల్‌ఫోన్ షాపు, ఇంకొకాయన అకౌంటెంట్. ఈ సంఘంలో స్థానికంగా జీతం తీసుకునే పాస్టర్ ఉండడు. బిషప్ కూడా పొద్దున ఉద్యోగానికి పోయే మనిషే. ఒక్కో కుటుంబాన్ని చూసుకోమని ఇద్దరిద్దరికి అప్పజెబుతారు. "ఇన్నాళ్లు ఎందుకు రాలేదని వాళ్లు ఒక్కసారి అడిగుంటే పారిపోయేవాణ్ని. అడగలే. ఇడ్లీ తింటావా అని అడిగినారు" అన్నాడు.

తిరిగి రావడానికి మళ్లీ బాప్తిస్మం అక్కర్లేదు. తానుగా పేరు తీయించుకోకపోతే రికార్డు అలాగే ఉంటుంది. వాడు ఒక ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు, అంతే.

ఆ తర్వాత వచ్చిన సోమవారం నుంచే అసలు కష్టం. కాఫీ, టీ, మందు, సిగరెట్ అన్నీ బంద్. 1833 నాటి నియమం ఇది. గ్రీన్ టీ తాగొచ్చా అని నేనడిగా. అదీ కుదరదట. ఆఫీసులో "రా మామా, టీ తాగుదాం" అంటే వీడు వెళ్లి బాదం పాలు తాగుతాడు. మందు సంగతి మాత్రం ఈ జిల్లాలో ఎవరికీ వింత కాదు. తాగుడు మానేస్తామని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లమే కదా.

ఆదివారం పని చేయనంటే మొదట మేనేజర్ ఒప్పుకోలేదు. "సంక్రాంతి, దీపావళి షిఫ్టులు నాకేయండి, ఆదివారాలు వదిలేయండి" అని బేరం పెట్టాడు. మూడు నెలలు పట్టింది. మధ్యలో ఉద్యోగం పోతుందేమో అని నాకే భయమేసింది. నెలకో రెండు సార్లు శనివారం రాత్రి బస్సెక్కి 250 కిలోమీటర్లు బెంగళూరు వెళ్తాడు. మిగతా ఆదివారాలు రూములోనే చదువుకుంటాడు. 2019 నుంచి ఆదివారం సభను మూడు గంటల నుంచి రెండుకు తగ్గించి, ఇంట్లో చదవడం పెంచమన్నారట. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. మిగిలిన తిండి డబ్బు పేదలకు.

అన్నిటికంటే పెద్ద తగువు దశమభాగం దగ్గర. జీతం 30 వేలైతే 3 వేలు సంఘానికి. బైక్ ఈఎంఐ కట్టలేక ఒక నెల వాళ్లమ్మే "ఈసారికి ఆపరా" అంది. అదే సంఘంలో ఉన్న అమ్మ! వీడు ఆపలేదు. ఆ నెల వాడికి రెండు వేలు చేబదులిచ్చింది నేనే. ఇది సరైన పనేనా అని నాకిప్పటికీ డౌటే. దేవుడికిచ్చి ఫ్రెండ్ దగ్గర అప్పు చేయడమేంట్రా అని మొహం మీదే అడిగా. వాడికి కోపం రాలేదు, జవాబూ రాలేదు. తర్వాతి నెల జీతం పడగానే మొదట నాకు ఫోన్‌పే చేశాడు.

ఆఫీసులో కొందరు గూగుల్ చేసి "ఎంతమంది పెళ్లాలు మీకు?" అని ఏడిపిస్తారు. బహుభార్యత్వాన్ని వాళ్ల సంఘం 1890లోనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వీడికి ఒక్క సంబంధమే దొరకట్లేదు, అది వేరే విషయం. జోసెఫ్ స్మిత్ 1830లో అచ్చు వేయించిన మార్మన్ గ్రంథం, దాని బంగారు రేకుల కథ నేను నమ్మలేనని చెప్పా. "నాకూ అన్నీ తేలలేదు. తేలేదాకా బయట నిలబడాల్నా, లోపల కూర్చుని ఆలోచించాల్నా అనేదే ప్రశ్న" అన్నాడు.

ఇప్పుడు వాడి చూపు బెంగళూరు గుడి మీద ఉంది. 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరులో భూమిపూజ లాంటి కార్యక్రమం చేశారు. ఆ గుడి తెరుచుకునేదాకా గుడిలో పెళ్లి చేసుకోవాలంటే విదేశాలకు పోవాల్సిందే. లోపలికి వెళ్లాలంటే బిషప్‌తో, ఆ పైవాళ్లతో ఇంటర్వ్యూ ఉంటుంది. కాఫీ దగ్గర్నుంచి దశమభాగం దాకా అడుగుతారు. వీడు బిషప్ దగ్గరికి వెళ్లాడు, "ఇంకో ఆరు నెలలు ఆగుతా" అని తనే చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగితే, సెమిస్టర్ ఎగ్జామ్ అనుకో అన్నాడు.

మొన్న సంక్రాంతి షిఫ్టు అయ్యాక ఇద్దరం చిత్తూరు వెళ్లాం. అవ్వ నాకు కాఫీ, వాడికి మిరియాల పాలు తెచ్చింది. పక్కింటి ఆవిడ వచ్చి మీవాడు కాఫీ తాగడా అని అడిగింది.

"మాలేసినాడు" అంది అవ్వ.

"ఎప్పుడు తీస్తాడంట?"

"తెలీదు. అడగలేదు."

వాడు తల దించుకుని పాలు తాగుతున్నాడు.