వార్తల్లో పదం: టాస్క్ చానల్

నాడీకణాల పొరలో పొటాషియం అయాన్లను బయటికి వదిలే ప్రోటీన్ ద్వారాల్లో ఒక రకం టాస్క్ చానల్. ఆమ్లతకు స్పందించడం దీని ప్రత్యేకత. ఈ కుటుంబంలో టాస్క్-1ను శాస్త్రవేత్తలు 1997లో వివరించారు.

మామూలు స్థితిలో, అంటే పీహెచ్ 7.4 దగ్గర, ఈ ద్వారాలు కొంతమేర తెరిచే ఉంటాయి. ధనావేశం గల పొటాషియం బయటికి పోతుండటంతో కణం లోపల రుణావేశం నిలిచి, కణం నిశ్చలంగా ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కణాల వెలుపల ఆమ్లత పెరుగుతుంది. హైడ్రోజన్ అయాన్లు ద్వారం వెలుపలి అంచున ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటే పొటాషియం ప్రవాహం తగ్గి, కణం ఉత్తేజితమవుతుంది. మెడలోని కరోటిడ్ బాడీ కణాల్లో ఈ మార్పు శ్వాసను పెంచే సంకేతాలకు తోడ్పడుతుంది.

హాలోథేన్, ఐసోఫ్లూరేన్ వంటి మత్తుమందులు ఇందుకు విరుద్ధంగా టాస్క్ ద్వారాలను మరింత తెరుస్తాయి. పొటాషియం ఎక్కువగా బయటికి పోయి నాడీకణం సంకేతాలు పంపడం తగ్గిస్తుంది. అయితే మత్తు కలగడానికి ఇదొక్కటే కారణం కాదు. నాడీ సంకేతాలను అణచే గాబా గ్రాహకాల పాత్రా పెద్దదే. మరో మత్తుమందు క్లోరోఫాం టాస్క్‌ను కాక, దాని బంధువైన ట్రెక్-1 చానల్‌ను తెరుస్తుందని 1999లో వెల్లడైంది.

మత్తుకూ శ్వాసకూ ఉన్న సంబంధంపై తెలుగునేల మీద ముఖ్యమైన పరిశోధన జరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సాయంతో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది శ్వాసేనని, మత్తు ఇచ్చేవారు దానినే గమనించాలని వాటిని నడిపిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదించారు. అయితే క్లోరోఫాం గుండె లయను నేరుగా దెబ్బతీసి ప్రాణం తీయగలదని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి.

ఇక శ్వాసను ప్రేరేపించే డాక్సాప్రామ్ ఔషధం, హాలోథేన్ వంటి మత్తుమందులకు విరుద్ధంగా, టాస్క్ చానళ్లను అడ్డుకుంటుంది.