గల్వాన్‌ వీరుడి బాటలో కోమన్‌పల్లి జవాను
సూర్యాపేట కల్నల్‌ త్యాగం.. ఆర్మూర్‌ ప్రాంతానికి చెబుతున్నదేమిటి?

ఆర్మూర్‌: పసుపు కొమ్ముల వాసనతో, ఎర్రజొన్న లారీలతో నిండిన ఆర్మూర్‌ పట్టణం మీదుగానే 44వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. కన్యాకుమారి నుంచి బయలుదేరిన ఈ రోడ్డు శ్రీనగర్‌ వరకు వెళుతుంది. అదే కాశ్మీరంలో, కుప్వారా జిల్లా మచిల్‌ సెక్టార్‌లో 2020 నవంబరు 8న చొరబాటుదారులను అడ్డుకుంటూ ఆర్మూర్‌ పక్కనే ఉన్న వేల్పూర్‌ మండలం కోమన్‌పల్లికి చెందిన జవాను ర్యాడ మహేశ్‌ వీరమరణం పొందారు. అంతకు ఐదు నెలల ముందే, అదే ఏడాది జూన్‌ 15న, సూర్యాపేటకు చెందిన కల్నల్‌ బిక్కుమళ్ల సంతోష్‌బాబు లడఖ్‌లోని గల్వాన్‌ లోయలో ప్రాణాలర్పించారు. ఒకరు పటాలానికి అధిపతి, మరొకరు సిపాయి. హోదాలు వేరైనా ఇద్దరినీ సాగనంపింది తెలంగాణ పల్లె, పట్టణాలే. కల్నల్‌ జీవితాన్ని, ఆయన మరణానికి దారితీసిన పరిస్థితులను తెలుసుకుంటే సైన్యంలో చేరాలనుకునే యువకులకు, పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకు అనేక విషయాలు బోధపడతాయి.

ఆరో తరగతిలోనే తొలి అడుగు

సంతోష్‌బాబు 1983లో జన్మించారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యంలో చేరాలన్న తన కోరిక నెరవేరకపోవడంతో కుమారుడినైనా ఆ దారిలో నడిపించాలని ఆయన తలచారు. అందుకే ఆరో తరగతిలోనే విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చేర్పించారు. 1962లో ప్రారంభమైన ఈ పాఠశాల ఉమ్మడి రాష్ట్రం నుంచి ఎందరో అధికారులను సైన్యానికి అందించింది. అక్కడ చదువు పూర్తి చేసిన సంతోష్‌బాబు పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీలో, అనంతరం డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలో శిక్షణ పొందారు. 2004 డిసెంబరులో బిహార్‌ రెజిమెంట్‌ 16వ పటాలంలో అధికారిగా చేరారు.

బిహార్‌ రెజిమెంట్‌ పుట్టుకలో హైదరాబాద్‌ పేరు ఉండటం విశేషం. 1941లో బ్రిటిష్‌ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్‌ రెజిమెంట్‌కు చెందిన 11వ టెరిటోరియల్‌ పటాలాన్ని మార్చి ఈ రెజిమెంట్‌ తొలి పటాలంగా తీర్చిదిద్దారు. దానాపూర్‌ దీని కేంద్రం.

జమ్మూకాశ్మీర్‌తో మొదలైన సంతోష్‌బాబు సేవలు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో భాగంగా ఆఫ్రికాలోని కాంగో వరకు సాగాయి. 2019 డిసెంబరులో తాను తొలి రోజు నుంచి పనిచేసిన పటాలానికే కమాండింగ్‌ అధికారిగా బాధ్యతలు చేపట్టారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు. పటాలంలో సుమారు 800 మంది ఉంటారు. వారి తిండి, బట్ట, సెలవులు, శిక్షణ మొదలుకొని పోరాటం వరకు అన్నింటికీ జవాబుదారీ కల్నలే. జనరల్‌ స్థాయి అధికారులు వ్యూహం రచిస్తే, దాన్ని నేల మీద సైనికుల పక్కన నిలబడి అమలు చేసేది ఆయనే.

తుపాకీ ఉన్నా ఎందుకు పేల్చలేదు?

గల్వాన్‌ ఘటన తర్వాత ఊరూరా వినిపించిన ప్రశ్న ఇదే. చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం ఇరు దేశాలు 1993లోను, 1996లోను ఒప్పందాలు చేసుకున్నాయి. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని, పేలుడు పదార్థాలు వాడరాదని 1996 నాటి ఒప్పందం చెబుతోంది. గస్తీకి వెళ్లే సైనికుల వద్ద ఆయుధాలున్నా, ఘర్షణల్లో వాటిని వాడకపోవడం దీర్ఘకాలంగా పాటిస్తున్న పద్ధతి అని విదేశాంగ మంత్రి జైశంకర్‌ 2020 జూన్‌ 18న వివరించారు.

ఆ ఏడాది ఏప్రిల్‌, మే నెలల నుంచే తూర్పు లడఖ్‌లో చైనా బలగాలు మోహరించడంతో ఉద్రిక్తత నెలకొంది. జూన్‌ 6న రెండు దేశాల కోర్‌ కమాండర్ల స్థాయి అధికారులు సమావేశమై బలగాలను వెనక్కి తీసుకోవాలని అంగీకారానికి వచ్చారు. గల్వాన్‌లోని 14వ గస్తీ కేంద్రం వద్ద ఈ అంగీకారం అమలు విషయంలోనే వివాదం రేగింది. జూన్‌ 15 సాయంత్రం కల్నల్‌ సంతోష్‌బాబు తన సైనికులతో అక్కడికి వెళ్లారు. వాగ్వాదం ఘర్షణగా మారింది. చీకట్లో, గడ్డకట్టించే నీటి పక్కన, సుమారు 14 వేల అడుగుల ఎత్తులో రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో గంటల తరబడి కొట్లాట సాగింది. తీవ్రంగా గాయపడినా కల్నల్‌ వెనుదిరగలేదు. చివరి శ్వాస వరకు ముందు నిలిచి దళాన్ని నడిపించారని ఆయన పురస్కార ప్రశంసాపత్రం పేర్కొంది.

ఆ రాత్రి భారత్‌ 20 మంది సైనికులను కోల్పోయింది. 1975లో అరుణాచల్‌ప్రదేశ్‌లోని తులుంగ్‌ లా వద్ద నలుగురు అస్సాం రైఫిల్స్‌ జవాన్లు మరణించిన తర్వాత ఈ సరిహద్దులో ఘర్షణల్లో ప్రాణనష్టం జరగడం అదే ప్రథమం. తమ వైపు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. జూన్‌ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించడంతో ఈ ఘటన ప్రభావం పల్లెల్లోని సెల్‌ఫోన్ల వరకు చేరింది. దెప్సాంగ్‌, దెమ్‌చోక్‌లలో గస్తీపై అవగాహన కుదరడానికి 2024 అక్టోబరు వరకు ఆగాల్సి వచ్చింది.

యుద్ధం లేకున్నా యుద్ధకాల పతకం

జూన్‌ 18న సూర్యాపేట సమీపంలోని కేసారంలో సైనిక లాంఛనాలతో కల్నల్‌ అంత్యక్రియలు జరిగాయి. 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా ఆయనకు మరణానంతరం మహావీర్‌ చక్ర ప్రకటించారు. అదే ఏడాది నవంబరు 23న రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య దానిని అందుకున్నారు. గల్వాన్‌లో పోరాడిన మరో ఐదుగురికి వీర్‌ చక్ర లభించగా, అందులో నలుగురికి అది మరణానంతర గౌరవమే.

పతకాల విషయంలో చాలామందికి సందేహాలున్నాయి. పరమ వీర్‌, మహావీర్‌, వీర్‌ చక్రలు శత్రువుకు ఎదురొడ్డి చూపిన సాహసానికి ఇచ్చేవి. యుద్ధం ప్రకటించి ఉండాలన్న నియమం లేదు. అశోక, కీర్తి, శౌర్య చక్రలు అలా కాక ఇతర సందర్భాల్లో చూపిన తెగువకు ఇస్తారు. మహావీర్‌ చక్ర మొదటి వరుసలో రెండోది. 1999 కార్గిల్‌ యుద్ధంలో అమరుడైన హైదరాబాద్‌కు చెందిన మేజర్‌ పద్మపాణి ఆచార్యకూ ఇదే పతకం దక్కింది.

జనరల్‌ నుంచి సిపాయి వరకు

సైన్యంలో మృత్యువు హోదా చూడదు. 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూర్‌ వద్ద హెలికాప్టర్‌ కూలి త్రివిధ దళాల అధిపతి జనరల్‌ బిపిన్‌ రావత్‌ మరణించారు. ఆయన వెంటే ఉన్న అంగరక్షకుడు, నాటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్‌ నాయక్‌ సాయితేజ కూడా ప్రాణాలు విడిచారు. మచిల్‌లో మహేశ్‌తో పాటు కెప్టెన్‌ అశుతోష్‌ కుమార్‌, చిత్తూరు జిల్లా వాసి హవల్దార్‌ ప్రవీణ్‌కుమార్‌ రెడ్డి, సరిహద్దు భద్రతా దళం కానిస్టేబుల్‌ సుదీప్‌ సర్కార్‌ అమరులయ్యారు. రెండు తెలుగు రాష్ట్రాల కడుపుకోత ఒకే రోజున, ఒకే కొండ మీద కలిసింది.

అయితే జ్ఞాపకాల విషయంలో తేడా కనిపిస్తుంది. కల్నల్‌ కుటుంబానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రూ.5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్‌ ఉద్యోగం ఇచ్చింది. గల్వాన్‌లో మరణించిన మిగతా 19 మంది ఇతర రాష్ట్రాల వారైనా ఒక్కో కుటుంబానికి రూ.10 లక్షలు ప్రకటించింది. 2021 జూన్‌ 15న సూర్యాపేటలో విగ్రహం వెలిసింది, కూడలికి ఆయన పేరు పెట్టారు. సిపాయిల పేర్లు మాత్రం అంత్యక్రియలు ముగిశాక సొంత మండలం దాటి వినిపించడం అరుదు. కేంద్రం ఇచ్చే పింఛనుకు నిబంధనలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వాల సాయం మాత్రం ఆయా సందర్భాల్లో తీసుకునే నిర్ణయాలను బట్టి మారుతుంది.

చేరేవారు తెలుసుకోవాల్సినవి

అధికారిగా వెళ్లాలంటే ఇంటర్‌ తర్వాత యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ పరీక్ష రాయాలి. 2021లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత ఈ దారి బాలికలకూ తెరుచుకుంది. సైనిక పాఠశాలల్లో ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశ పరీక్ష ఉంటుంది. పాతకాలం నుంచి పేరున్న కోరుకొండ, తర్వాత వచ్చిన కలికిరి రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. మనకు దగ్గరలో కరీంనగర్‌ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల ఉంది.

సిపాయిగా చేరేవారికి 2022 నుంచి అగ్నిపథ్‌ పథకం వర్తిస్తోంది. నాలుగేళ్ల సేవ తర్వాత నాలుగో వంతు మందిని కొనసాగిస్తారు. విధుల్లో మరణిస్తే రూ.48 లక్షల బీమాతో పాటు ఇతర మొత్తాలు అందుతాయి గానీ, శాశ్వత సైనికుల కుటుంబాలకు వచ్చే పింఛను ఉండదు. సంతకం చేసే ముందే ఇంటిల్లిపాదీ ఈ తేడాను అర్థం చేసుకోవడం అవసరం.

ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో గల్వాన్‌ అమరుల పేర్లు చెక్కారు. అక్కడి త్యాగ చక్రలో ఒక్కో అమరుడికి ఒక్కో గ్రానైటు ఫలకం. కల్నల్‌ అయినా, సిపాయి అయినా ఆ ఫలకం కొలత ఒక్కటే. ఆ సమానత్వం మన పల్లెల్లోనూ కనిపించాలంటే పెద్ద ఖర్చేమీ కాదు. పంద్రాగస్టు నాడు బడిలో జెండా ఎగరేసేటప్పుడు సూర్యాపేట కల్నల్‌ పేరుతో పాటు కోమన్‌పల్లి జవాను పేరూ పిల్లల చేత పలికిస్తే చాలు.