నీళ్ల గ్యాస్‌తో ఆయిల్ ఇంజన్ నడుస్తుందా? కిట్టు కొనేముందు ఈ లెక్క చూడండి



ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో జీవామృతం కంటే నీళ్ల గ్యాస్ గురించి అడిగేవే ఎక్కువ. "ఏవండీ, నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి ఇంజన్‌కి పెడితే డీజిల్ సగానికి తగ్గుతుందంట, నిజమేనా?" అని. అడిగేవాళ్లలో ఎక్కువమంది మా దివిసీమ శివారు రైతులే. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు నాగాయలంక, కోడూరు వైపు వచ్చేసరికి ఎంత సన్నగిల్లుతాయో మాకు తెలుసు. నారుమడి ఎండుతుంటే కాలవలో ఇంజన్ దించి తోడుకోక తప్పదు. ఎరువులు, పురుగుమందులు మానేసి ఖర్చు తగ్గించుకున్నాం గానీ డీజిల్ ఖర్చు మాత్రం అలాగే ఉంది.

మా ఊళ్లో వరసకు బాబాయి అయ్యే ఒక రైతు అలాంటి కిట్టు కొనడానికి పిన్ని గొలుసు తాకట్టు పెట్టబోయాడు. "రెండు వారాలు ఆగు బాబాయ్, ముందు నేను చేసి చూస్తా" అన్నాను. ఆ రెండు వారాల్లో తేలిందే ఇప్పుడు చెబుతున్నాను. పనంతా పై వీడియోలో ఉంది. లెక్క మాత్రం నిదానంగా చదువుకుంటేనే బుర్రకెక్కుతుంది, అందుకే రాస్తున్నాను.

సెల్ ఎలా చేశాను

విజయవాడ ఆటోనగర్‌లో 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు ఏడు కోయించాను. పలకకీ పలకకీ మధ్య 3 మిల్లీమీటర్ల రబ్బరు గాస్కెట్ పెట్టి బోల్టులు బిగిస్తే ఆరు గదులు వచ్చాయి. ఈ చివరి పలకకు ప్లస్, ఆ చివరి పలకకు మైనస్. బ్యాటరీ 12 వోల్టులు కాబట్టి ఒక్కో గదికి 2 వోల్టులు అందుతాయి. నీరు చీలడానికి కనీసం 1.23 వోల్టులు కావాలి, పని వేగంగా జరగాలంటే 2 దాకా పడుతుంది.

శుద్ధమైన నీళ్లలో కరెంటు సరిగా పారదు. అందుకని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కాస్టిక్ పొటాష్ కలిపాను. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఎప్పుడూ నీళ్లలో కాస్టిక్‌ని కొంచెం కొంచెంగా వేయాలి గానీ, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు.

"గుప్పెడు ఉప్పు వేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. వద్దు. ఉప్పు నీళ్లలో కరెంటు పారితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మన శివారు బోరు నీళ్లు అసలే ఉప్పన, కాబట్టి అవీ పనికిరావు. ఇంకో సంగతి: కొన్నాళ్లకు సెల్‌లో నీళ్లు పసుపు రంగుకు తిరిగితే స్టీలులోని క్రోమియం కరిగిందేమోనని అనుమానించాలి. అది విషం. ఏళ్ల తరబడి వానపాముల్ని కాపాడుకుంటున్న చేలో ఆ నీళ్లు చుక్క కూడా పడకూడదు.

నేను చేసిన తప్పు

సెల్‌కి 10 ఆంపియర్ల కరెంటు ఇచ్చి, వచ్చిన గ్యాస్‌ను నీళ్లలో బోర్లించిన లీటరు సీసాలోకి పట్టాను. నిండటానికి ఒకటిన్నర నిమిషం పైనే పట్టింది. మండుతుందో లేదో చూద్దామని సీసా మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను. తుపాకీ పేలినట్టయింది. ప్లాస్టిక్ సీసా కాబట్టి చీలి ఎగిరిపోయింది, గాజు సీసా అయితే నా కళ్లు ఏమయ్యేవో. సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది.

ఇలాంటి సెల్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిసే బయటికి వస్తాయి. పేలడానికి ఎంత పాళ్లలో కావాలో సరిగ్గా అంత పాళ్లలోనే ఉంటాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో 210 మెగావాట్ల జనరేటర్లను చల్లబరచడానికీ హైడ్రోజనే వాడతారు. కానీ అక్కడ గాలి కలవకుండా స్వచ్ఛంగా ఉంచి, ఆ స్వచ్ఛతను నిత్యం కొలుస్తుంటారు. మన కొట్టంలో ఆ ఏర్పాటు ఏదీ? ఈ గ్యాస్‌ను సీసాలో గానీ ట్యూబులో గానీ నిల్వ చేయకండి.

అసలు లెక్క

ఫారడే అనే శాస్త్రవేత్త 1830ల్లోనే తేల్చిన లెక్క ఇది. ఎంత కరెంటు పారితే అంతే గ్యాస్ వస్తుంది. పలకల ఆకారం మార్చినా, నీళ్లలో ఇంకేదో "రహస్య పొడి" కలిపినా అంతకు మించి రాదు.

నా సెల్‌లో ఆరు గదులు, 10 ఆంపియర్లు. గంటకు ఎక్కువలో ఎక్కువ 28 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. 28 లీటర్లంటే చాలా అనిపిస్తుంది గానీ, తూకం వేస్తే రెండుంపావు గ్రాములు. అది మండితే వచ్చే వేడి 7.5 మిల్లీలీటర్ల డీజిల్‌తో సమానం. ఒకటిన్నర చెంచా!

మరి దానికి పెట్టింది ఎంత? 12 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 120 వాట్లు. ఆ కరెంటును ఇంజన్‌కే బెల్టు వేసి డైనమోతో తీస్తే, ఇంజన్‌లో పోయేది, డైనమోలో పోయేది కలుపుకుని గంటకు 80 మిల్లీలీటర్ల పైనే డీజిల్ అదనంగా కాలుతుంది. 80 పెట్టి 7.5 తెచ్చుకోవడమన్నమాట. ఐదు హార్స్‌పవర్ ఇంజన్ గంటకు లీటరు దాకా తాగుతుంది. అందులో ఈ ఒకటిన్నర చెంచా ఏ మూలకు?

"మరి వాళ్లు మా కళ్లముందే నడిపి చూపించారే?" అన్నాడు బాబాయి. ఆ బ్యాటరీ ఇంటి దగ్గర ఛార్జి చేసి తెచ్చింది. దాని బరువు ఆ గంటలో ఇంజన్ మీద పడదు. ఎవరైనా చూపిస్తామంటే రెండే అడగండి: బ్యాటరీ ఇదే ఇంజన్‌తో ఛార్జి అవ్వాలి, కొలిచి పోసిన అర లీటరు డీజిల్‌తో కిట్టు పెట్టినప్పుడు, తీసేసినప్పుడు ఎన్ని డ్రమ్ములు నిండాయో లెక్కపెట్టాలి. నేను అలాగే చేశాను. కిట్టు పెట్టినప్పుడే డ్రమ్ము తక్కువ నిండింది.

హైడ్రోజన్ వృథా అని నేననను. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అలాంటి పెద్ద యంత్రాలకు కూడా కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి. మండిస్తే తిరిగి వచ్చేది 33 యూనిట్ల వేడి. కరెంటు చేతిలో ఉంటే నేరుగా మోటారుకు ఇవ్వడమే మనకు లాభం.

మరి మనకేది దారి?

నాలుగైదు పశువులున్నవాళ్లకు గోబర్ గ్యాస్ ఉంది. పాతిక కిలోల పేడకు దాదాపు ఒక ఘనపు మీటరు గ్యాస్, అంటే అర లీటరు డీజిల్ పైమాట. డీజిల్ ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో ఈ గ్యాస్ కలిపితే డీజిల్ వాడకం బాగా తగ్గుతుంది. గ్యాస్ పోగా మిగిలిన స్లర్రీ చేనుకే వస్తుంది. ఒక్క ఆవే ఉంటే మాత్రం ఆ పది కిలోల పేడా జీవామృతానికే ఉంచండి.

ఇక హైడ్రోజన్ కావాలంటారా? అది మన చేలోనే తయారవుతోంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుము, పిల్లిపెసర వేళ్ల బుడిపెల్లో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టేటప్పుడు హైడ్రోజన్ కూడా విడుదల చేస్తాయి. మట్టిలోని వేరే సూక్ష్మజీవులు దాన్ని తిని బతుకుతాయి. యూరియా ఫ్యాక్టరీలో మొదటి పని హైడ్రోజన్ తీయడమే. అక్కడ గ్యాస్ కాల్చి, బట్టీలు వేడెక్కించి చేసే నత్రజని పనిని ఇక్కడ వేరు బుడిపె చల్లగా చేసేస్తోంది. ఇంజన్ నడపదు గానీ, యూరియా బస్తా తప్పిస్తుంది.

బాబాయి కిట్టు కొనలేదు. పిన్ని గొలుసు మెడలోనే ఉంది. ఈసారి తన రెండెకరాల్లో పిల్లిపెసర చల్లాడు. మీరూ నెల రోజుల మొక్కను మట్టితో సహా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టే. ఎవరైనా ఇప్పటికే కిట్టు కొని ఉంటే, డ్రమ్ముల లెక్క వేసి ఎంత వచ్చిందో కింద రాయండి. మిగతా రైతులకు పనికొస్తుంది.